తొంభై కళ్ళు మోసిన సూది

నేను ఒక అల్లిక సూదిని. ఎనిమిదో నంబరు. పద్నాలుగు అంగుళాల పొడవు, ఒక చివర మొన, రెండో చివర చొక్కా గుండీ అంత టోపీ. బట్టలు కుట్టే సూదికి ఉన్నట్టు నాకు బెజ్జం లేదు. నేను దేన్నీ గుచ్చను. ఊలు దారాన్ని మెలికలు మెలికలుగా మోస్తాను, అంతే. అందువల్ల నన్ను చూసి మనుషులెవరూ భయపడలేదు. నేను మాత్రం ఒక పూట మనుషుల మధ్య ఉండి చాలా భయపడ్డాను. మీకు చెప్పాలనుకున్నది ఆ పూట సంగతే. కాకపోతే సూదికైనా పుట్టుక చెప్పుకోకుండా కథ నడవదు కదా.

ఉత్తరాదిలో ఎక్కడో రేకుల షెడ్డులో పుట్టాను. ఒక యంత్రం అల్యూమినియం కడ్డీని కోసింది, ఇంకొకటి మొన చెక్కింది, మూడోది నెత్తిన టోపీ తొడిగి నంబరు గుద్దింది. నాతోపాటు నాకొక కవల. ఇద్దర్నీ ఒకే కాగితం తొడుగులో పెట్టారు. మాలో ఒకటి పోతే రెండోది దేనికీ కొరగాదని దుకాణాల వాళ్ళు అనుకోవడం విన్నాను. ఆలుమగల గురించి కూడా మనుషులు ఇదే మాట అంటారట. కానీ వాళ్ళలో ఒకరు పోయాక రెండోవాళ్ళు పని ఆపేసిన ఇల్లు నేనింతవరకూ చూడలేదు.

నన్ను కొన్నది ఫ్లోరెన్సు నర్సమ్మ. కొండల మీద ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. అక్కడ బాగా చలి. కాస్త తీరిక దొరికితే చాలు, పుట్టబోయే పిల్లలకు టోపీలూ మేజోళ్ళూ అల్లేది. ఆమె చెయ్యి వదులు. దారం నా ఒంటి మీద నుంచి నూనె రాసినట్టు జారేది. ఆ రోజులు హాయిగా గడిచాయి. హాయిగా గడిచిన రోజుల గురించి చెప్పడానికి ఏముంటుంది?

పెన్షను వచ్చాక నర్సమ్మ పుట్టిన ఊరికి వచ్చేసింది. నరసాపురంలో పంటు ఎక్కి గోదావరి దాటితే అవతల గట్టున కొబ్బరితోటల మధ్య ఉండే చిన్న ఊరు. పంటంటే రెండు పడవల మీద బల్ల పరిచినట్టుండే రేవు బోటు. మనుషులూ మోటారు సైకిళ్ళూ మేకలూ అన్నీ దాని మీదే దాటాలి. ఆ ఊళ్ళో డిసెంబరులో కూడా ఫ్యాను తిరుగుతుంది. అక్కడ ఊలుతో పనేముంటుంది? నన్నూ నా కవలనూ పెట్టెలో పెట్టి నర్సమ్మ మరిచిపోయింది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు వేరే అల్లిక ఉంది. లేసు. సన్నని నూలు దారం, చివర చిన్న కొక్కెం ఉన్న ఇనప సూది. పిల్ల ఎనిమిదేళ్ళకే గుమ్మంలో కూర్చుని గొలుసు అల్లడం మొదలుపెడుతుంది. లేసు సూది మీద ఎప్పుడూ ఒకే ఒక్క మెలిక ఉంటుంది. పొయ్యి మీద అన్నం పొంగిందా, ఆ ఒక్క మెలికనూ కాస్త పెద్దది చేసి, సూదిని లాగేసి, కొప్పులో గుచ్చుకుని లేచిపోతారు. తిరిగొచ్చి మెలికలో సూది దూర్చి మొదలుపెడతారు. ఏమీ చెడదు. ఆ ఊరి ఆడవాళ్ళ కొప్పుల్లో పువ్వు లేని రోజు ఉంటుందేమో గానీ లేసు సూది లేని రోజు ఉండదు.

ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఒక వేసవిలో పట్నంలోని లేసు సంఘం వాళ్ళు కబురు పంపారు. చలి దేశాలవాళ్ళు ఊలు శాలువాలు, మెడకు చుట్టుకునే గుడ్డలు, మంచం దుప్పట్లు అడుగుతున్నారట. అందుకని ఊలు అల్లిక నేర్పే కేంద్రం ఒకటి ఈ ఊళ్ళో పెడతారట. నేర్పడానికి ఊరి మనిషినే ఒకరిని తీసుకుని నెలజీతం ఇస్తారట. ఆకు డిజైనులో శాలువా ఎవరు బాగా అల్లి చూపిస్తే వాళ్ళకే ఆ పని. వ్యవధి రెండు నెలలు.

ఊలు అల్లిక తెలిసిన మనిషి ఊరంతటికీ నర్సమ్మ ఒక్కతే. ఆమె చేతులకు అప్పటికే వణుకు వచ్చేసింది. నేర్చుకుంటామని చాలామంది వచ్చారు. రెండు వారాలు తిరిగేసరికి ఇద్దరే మిగిలారు. వాళ్ళిద్దరూ తోటికోడళ్ళు. పెద్దావిడ సువార్త, చిన్నావిడ దయామణి. సువార్త సైకిలు చువ్వలు రెండు అరగదీసి తన సూదులు తానే చేసుకుంది. దయామణికి నర్సమ్మ మమ్మల్ని ఇచ్చింది.

దయామణి చేతిలో పడ్డ మొదటి రోజే నాకు ఊపిరాడలేదు.

నాలుగేళ్ళ కిందట ఆమె పెనిమిటి వేటకని పడవ మీద వెళ్ళి గాలివానలో చిక్కుకుని పోయాడు. అప్పటినుంచి ఆమె చేతికి బిగువు వచ్చింది. దేన్ని పట్టుకున్నా వదిలితే పోతుందన్నట్టు పట్టుకుంటుంది. చేద తాడైనా అంతే, కూతురి జడ పాయలైనా అంతే. ఆమె అల్లిన లేసు పువ్వులు ముడుచుకుని గిన్నెల్లా తయారయ్యేవి. దారం ఇచ్చే ఆసామి రెండుసార్లు చెప్పి చూసి, మూడోసారి దారం ఇవ్వడం మానేశాడు.

ఆమె కూతురు కెజియాకు తొమ్మిదేళ్ళు. ఇల్లు గడవడానికి దయామణి కువైట్ వెళ్ళి ఏదో ఒక ఇంట్లో పనిమనిషిగా ఉండాలని అందరూ కలిసి తేల్చేశారు. సువార్త తమ్ముడు ఆమోసు అలా మనుషుల్ని పంపే పనిలో ఉన్నాడు. వీసా వచ్చేసింది. తొమ్మిదో తారీఖున ప్రయాణం. రెండేళ్ళదాకా తిరిగి రావడానికి లేదు. ఆ రెండేళ్ళూ కెజియా పెద్దమ్మ దగ్గర ఉంటుంది. శాలువాలు చూడటానికి సంఘం మేడం నాలుగో తారీఖున వస్తుంది. నేర్పే పని దొరికితే దయామణి వెళ్ళనక్కర్లేదు. దొరక్కపోతే అయిదు రోజుల్లో విమానం ఎక్కాలి. ఆమె అల్లుతున్నది శాలువా అని ఊరంతా అనుకుంది. ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిగిపోతున్న నాకు మాత్రం అది ఏమిటో బాగా తెలుసు.

నేర్చుకునే రోజుల్లో నర్సమ్మ వసారా ఎప్పుడూ గోలగా ఉండేది.

"అమ్మాయ్ మణీ, ఆ దారం పీక ఎందుకే అలా నులుముతావు?" అనేది నర్సమ్మ.

"వదిలితే జారిపోద్దేమోనండి."

"జారడానికి అదేమన్నా బురదగొయ్యా? వదులుగా పట్టుకో. సూదికి కూడా ఊపిరాడాలి."

నర్సమ్మ మీద నాకున్న గౌరవం ఆ మాటతో రెండింతలైంది.

"మణి అల్లిన గుడ్డలో నీళ్ళోసి మోసుకెళ్ళొచ్చండి, చుక్క కారదు," అని సువార్త నవ్వేది. సువార్తది వదులు చెయ్యి, వదులు నోరు.

"నీ గుడ్డలోంచి ఏనుగు దూరెళ్ళిపోద్దక్కా," అనేది దయామణి, తల ఎత్తకుండానే.

నర్సమ్మ చెప్పే ఇంగ్లీషు పేర్లు వాళ్ళకు నోరు తిరగలేదు. అందుకని అన్నిటికీ కొత్త పేర్లు పెట్టుకున్నారు. పొడుచుకొచ్చినట్టు గింజ గింజగా పడే కుట్టు సగ్గుబియ్యం. మెలితిరిగి పైకి పాకేది జడ. వంపులు వంపులుగా సాగేది అల. సూది మీద ఉండే ఒక్కో మెలికను కన్ను అనేవాళ్ళు. వల అల్లే ఇంటి కోడళ్ళు కదా, వలలో సందును కన్నే అంటారు. రెండు కళ్ళు కలిపి అల్లితే ఒక కన్ను తగ్గుతుంది. దారం ముందుకు వేసుకుని అల్లితే కొత్త కన్ను పుట్టి, దాని కింద చిన్న రంధ్రం పడుతుంది. ఆకు డిజైనంతా ఈ రెండు పనులే. కలిపేటప్పుడు కన్ను కుడివైపు వాలితే ఆకు ఒక అంచు, ఎడమవైపు వాలితే రెండో అంచు. ఎక్కడ తగ్గించామో అక్కడే పెంచుకుంటూ పోవాలి. లెక్క తప్పితే ఆకు వంకరపోతుంది.

సువార్త చూసి చేసేసేది. చెయ్యి దానంతట అదే నడిచేది. దయామణికి అలా కుదరలేదు. బిగువు వల్ల ఒక్కో కంట్లోకీ మొన దూర్చడమే యుద్ధం. అందుకని ప్రతి కన్ను దగ్గరా ఆగి, ఇది ఎటు వాలుతోంది, ఎందుకు వాలుతోంది అని తనలో తాను గొణుక్కునేది. చేతి చెమటకు ఊలు అంటుకుంటుంటే మొహానికి రాసుకునే పౌడరు వేళ్ళకు అద్దుకునేది. శాలువా వెడల్పుకు తొంభై కళ్ళు. వరుసకు తొంభైసార్లు నా మెడ పట్టుకునేది. నెల తిరిగేసరికి నా నడుము కాస్త వంగింది.

"ఇరవై వరసలకోసారి ఆ కళ్ళన్నిట్లోంచీ ఎర్రదారం ఒకటి దూర్చి ఉంచుకో. పైన ఏదన్నా ఊడినా ఆ దారం దగ్గర ఆగుద్ది," అని నర్సమ్మ చెప్పింది. దయామణి శ్రద్ధగా దూర్చుకుంటూ వచ్చింది. చివరి వారంలో మాత్రం దూర్చలేదు. టైము లేదు.

నాలుగో తారీఖు పొద్దున్న. మేడం పన్నెండింటికి వస్తుందని కబురు. శాలువాకు ఇంక రెండు వరుసలే మిగిలాయి, తర్వాత అంచు కట్టడం. వసారాలో పీట మీద దయామణి, పక్కన కుర్చీలో నర్సమ్మ, గుమ్మంలో సువార్త. సువార్త శాలువా పూర్తయి మడతపెట్టి ఉంది. వరుస చివరికి వచ్చింది. తొంభై కళ్ళూ నా మీదకు చేరాయి. నా కవల ఖాళీగా ఆమె ఒళ్ళో ఉంది. పది కూడా కాలేదు.

"వచ్చేత్తన్నారు, వచ్చేత్తన్నారు!" అని వీధిలోంచి ఎవరో అరిచారు.

ఆటో ఆగింది. గొడుగు పట్టుకుని, కళ్ళజోడు గొలుసు మెళ్ళో వేలాడుతుండగా సంఘం మేడం శేషారత్నం గారు దిగింది.

దయామణి లేచి నిలబడింది.

పెద్ద మనిషి గుమ్మంలోకి వస్తే చేతిలో పని పట్టుకుని కూర్చోకూడదు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆమె చేతికి తెలిసిన మర్యాద అది. ఆ చెయ్యి ఆమెను అడగలేదు. నా టోపీ పట్టుకుని ఒక్క లాగు లాగింది. నేను సర్రున బయటికొచ్చేశాను. మరుక్షణం ఆమె కొప్పులో ఉన్నాను.

అక్కడ నుంచి నాకు అంతా కనిపించింది. తొంభై కళ్ళూ నోళ్ళు తెరుచుకుని గాలిలో నిలబడి ఉన్నాయి. నర్సమ్మ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. సువార్త చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. దయామణి మాత్రం రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతూనే ఉంది. ఆమెకు ఇంకా తెలియదు.

శాలువా ఆమె ఒళ్ళోంచి జారింది. ఊలు ఉండ మెట్టు మీద నుంచి కిందకు దొర్లింది. దారం ఒక్కసారి బిగిసింది. అంతే. నడిమి ఆకులో ఒక కన్ను టప్పున జారి, కింద వరుసలోకి, దాని కింద వరుసలోకి, అలా నిచ్చెన మెట్లు దిగినట్టు దిగుతూ పోయింది. పదకొండు వరుసలు. పదకొండో దగ్గర ఎందుకో ఆగింది.

దయామణి చేతులు కొప్పు దగ్గరకు వెళ్ళాయి. నన్ను తడిమి చూసుకుంది. ఆ వేళ్ళ చలి నాకు తగిలింది. ఆ ఊళ్ళో నాకు తగిలిన మొదటి చలి అదే.

"ఏంటమ్మా, పూర్తయిందా?" అంది శేషారత్నం గారు, గొడుగు ముడుస్తూ. ఆమె చూపు ఇంకా కిందకు దిగలేదు.

సువార్త ముందుకొచ్చింది. "మీరు పన్నెండింటికన్నారు కదండి. ఇంకో పిసరుందండి."

"పంటు తొందరగా దొరికింది. సరే, ముందు పక్క ఊరు చూసుకుని వస్తాను. పన్నెండున్నరకి ఇక్కడ ఉంటా. ఒంటిగంట పంటు మాత్రం తప్పకూడదు నాకు. మళ్ళీ రాను. ఇవాళే తేల్చేయాలి."

ఆటో వెళ్ళిపోయింది.

"ఎర్రదారం ఎక్కడుందే?" అంది నర్సమ్మ.

"ముప్పై నాలుగు వరసల కిందండి."

దాని దగ్గరకు విప్పేస్తే ప్రమాదం లేదు. కానీ ముప్పై నాలుగు వరుసలు మళ్ళీ అల్లడానికి రెండు రోజులు పడుతుంది. విప్పకుండా పైనుంచి బాగుచెయ్యాలంటే మిగతా కళ్ళను ఒక్కోటిగా సూదికి ఎక్కించాలి. ఈలోగా ఎవరైనా తుమ్మినా ఇంకో కన్ను జారిపోవచ్చు. దయామణి గోడకు చేరగిలబడింది. "అయిపోయిందండి. నేను కువైట్ వెళ్ళిపోతా. రాసిపెట్టుంది," అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"ముందు ఆ ఫ్యాను ఆపెయ్యవే," అంది సువార్త. "రాసిపెట్టుందంట రాసిపెట్టుంది. ఎవరు రాశారు, ఆమోసు రాశాడా?"

ఆమె ఇంట్లోకి వెళ్ళి తన సైకిలు చువ్వలు రెండూ పట్టుకొచ్చింది. అవి నాకంటే బాగా సన్నం. తెరుచుకుని ఉన్న కంట్లోకి లావు సూది దూర్చబోతే కన్ను బెదిరి జారిపోతుంది. సన్నదైతే చప్పుడు లేకుండా దూరుతుంది. అంతవరకూ ఆ చువ్వలంటే నాకు చిన్నచూపు. నంబరు లేదు, టోపీ లేదు, సైకిలు తుక్కు. ఆ రోజు వాటి ముందు సిగ్గుపడ్డాను.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. శాలువాను పీట మీద పరిచారు. ఒక అంచు నుంచి సువార్త, రెండో అంచు నుంచి దయామణి. ఒకటి. రెండు. మూడు. ఎవరూ గట్టిగా ఊపిరి పీల్చలేదు. చెమట చుక్క దయామణి ముక్కు చివర వేలాడుతుంటే నర్సమ్మ తన పైటచెంగుతో తుడిచింది, ఆపరేషను చేసే డాక్టరుకు తుడిచినట్టు. ఒక్క మేలు జరిగింది. కళ్ళు బిగువుగా అల్లినవి కాబట్టి చాలావరకు ఉన్నచోటే నిలబడ్డాయి.

నలభై కళ్ళ దగ్గర సువార్త గొంతు వినిపించింది, తల ఎత్తకుండానే.

"నేను కువైట్ నుంచి నాలుగేళ్ళకొచ్చాను కదే. మా పిల్లోడు సీమోను నన్ను చూసి తలుపు చాటుకెళ్ళిపోయాడు. ఆంటీ వచ్చిందన్నాడు. రెండు నెలలు ఆంటీ అనే పిలిచాడు."

దయామణి చెయ్యి ఆగింది. "ఎప్పుడూ చెప్పలేదేంటక్కా?"

"ఏం గొప్పనే చెప్పడానికి? చెయ్యి ఆపకు. ఆ కన్ను చూడు, నవ్వుతోంది, పడిపోద్ది."

"మరి నా వీసా నువ్వే తెప్పించావు."

"తిండికి లేదంటే తెప్పించాను. ఉండమంటే ఎక్కడుండేవు, ఏం తినేవు? నీ కూతురు నా ఇంట్లో రోజుకి ఆరు దోసెలు తింటే పిండెవత్తె రుబ్బుద్ది?"

నర్సమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదులుతుందని మిగతా ఇద్దరూ పెదాలు బిగబట్టారు.

పదకొండుకల్లా ఎనభై తొమ్మిది కళ్ళూ చువ్వల మీదున్నాయి. మిగిలింది జారిన కన్ను. అది మామూలు చోట జారి ఉంటే కొక్కెంతో ఒక్కో మెట్టూ పైకి లాక్కుంటే సరిపోయేది. ఇది ఆకు నడుమ జారింది. అక్కడ కళ్ళు కలిసినచోట్లున్నాయి, పుట్టినచోట్లున్నాయి. ఆ ఆకు వరకే కావాలని పదకొండు వరుసలూ దించి, వేలాడే దారాలతో మళ్ళీ కిందనుంచి అల్లుకుంటూ రావాలి. నర్సమ్మ నోటితో చెబుతుంటే దయామణి కొప్పులోంచి నన్ను తీసి మొదలుపెట్టింది. నాలుగు వరుసలు అయ్యేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఎంత లాగినా మొన దూరదు. నా మెడ విరిగిపోతుందనుకున్నాను. విరగలేదు గానీ మొనకు అంగుళం కిందగా వంగిపోయాను. ఆ వంపు ఇప్పటికీ ఉంది.

"ఇలా తే," అంది సువార్త. మిగతా ఏడు వరుసలూ ఆమె అల్లింది. తన శాలువా గుమ్మంలో మడత మీదే ఉంది. ఇది బాగుపడితే తనకు పని రాకపోవచ్చని ఆమెకు తెలియదా? తెలుసు. మనుషుల లెక్కలు నాకు ఎప్పటికీ అర్థం కావని ఆ రోజే ఒప్పుకున్నాను.

మిగిలిన రెండు వరుసలూ దయామణే అల్లుకుంది. అంచు కట్టడం అయ్యేసరికి ఆటో మళ్ళీ గుమ్మంలో ఆగింది.

శేషారత్నం గారు కళ్ళజోడు పెట్టుకుని ముందు సువార్త శాలువా చూసింది. "బావుంది," అంది. తర్వాత దయామణిది విప్పి వెలుతురుకు ఎత్తిపట్టింది. ఆకుల సందుల్లోంచి ఎండ ఆమె మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది. పైనుంచి కిందకు చూపుడువేలు నడిపించింది. నడిమి ఆకు దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆగింది.

"ఇక్కడ రెండు చేతులున్నాయి," అంది. "అంతా బిగువుగా ఉంది, ఈ ఆకు పై సగం వదులుగా ఉంది. ఎవరు చేశారు?"

ఎవరి పని వాళ్ళే చెయ్యాలన్నది షరతు. పీట మీద పడి ఉన్న నేను దయామణి కాళ్ళనే చూస్తున్నాను. బొటనవేలు నేలకు అదిమి పెట్టుకుని ఉంది.

"మా అక్కండి," అంది దయామణి. "మిమ్మల్ని చూసి లేచి సూది లాగేశానండి. లేసు సూదనుకున్నాది చెయ్యి. కన్ను పదకొండు వరసలు జారిపోయింది. సగం నేనల్లాను, సగం అక్క అల్లింది."

"చెయ్యి నాది, తప్పు దానిదండి. రెండూ మీకే దొరికేశాయి," అంది సువార్త.

మేడం నవ్వలేదు. గోడ గడియారం వైపు చూసింది. "సువార్తా, ఈ ఆకు ఈ అంచు ఎందుకు ఇటే వాలింది? చెప్పు."

సువార్త శాలువాను అటూ ఇటూ తిప్పింది. "అలా వత్తుందండి. చేత్తే వత్తుంది. చెయ్యమంటే చేత్తాను, చెప్పమంటే నావల్ల కాదండి."

"నువ్వు చెప్పు."

దయామణి నన్ను చేతిలోకి తీసుకుంది. ఆకు అంచు వెంబడి నా మొన పెట్టి చూపిస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. కుడి కన్ను పైకొస్తే ఇటు వాలుద్దండి, ఎడమ కన్ను పైకొస్తే అటు. ఇక్కడ కలిపాం కాబట్టి పక్కనే పుట్టించాలి, లేకపోతే గుడ్డ కుంచించుకుపోద్ది. మా ఊరోళ్ళకి మొట్టమొదట చెప్పాల్సింది ఆకు కాదండి, సూది లాగొద్దని చెప్పాలి. ఒక్క కన్ను మోసే సూదికి అలవాటుపడ్డ చేతులండి, తొంభై మోసే సూదిని పట్టుకున్నామని చేతికి తెలిసేదాకా రోజూ లాగేత్తారు. అంతసేపు ఆమె మాట్లాడటం ఆ వసారాలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్ళు నన్ను నొక్కలేదు. అది నాకొక్కదానికే తెలుసు.

శేషారత్నం గారు శాలువా మడిచి ఆమెకే ఇచ్చేసింది. "ఇది తీసుకోను. పనికిరాదు." గొడుగు చేతిలోకి తీసుకుంది. "నువ్వు పనికొస్తావు. కానీ ముందే చెబుతున్నా, మూడు నెలలు చూస్తాం. పదిమందికైనా ఆకు రాకపోతే కేంద్రం ఎత్తేస్తాం. ఆలోచించుకో. పంటు టైమయింది, నాకు ఇప్పుడే చెప్పాలి."

అప్పుడు అసలు భయం మొదలైంది. ఊడిన కన్ను సంగతి వేరు, అది ఎక్కడుందో కనిపిస్తుంది. ఇది కనిపించదు. కువైట్ రెండేళ్ళు ఖాయం. ఇక్కడ మూడు నెలలే, అవి కూడా ఊళ్ళో పదిమంది చేతుల మీద ఆధారపడ్డవి. ఈ వీసా వదులుకుంటే ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలియదు. దయామణి సువార్త మొహం చూసింది. సువార్త కావాలనే కొబ్బరిచెట్ల వైపు చూస్తోంది.

"ఉంటానండి," అంది దయామణి.

నన్ను పీట మీద పెట్టేసింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆటో కదిలాక సువార్త ఫోను తీసి తమ్ముడికి కలిపింది. "ఒరేయ్ ఆమోసూ, అది రాదు... రాదంటే రాదు, ఎందుకేంటి ఎందుకు? ...నీ టిక్కెట్టు సంగతి నాకు చెప్పకు, ఇంకెవరినన్నా చూసుకో... అరిస్తే అరుచుకో, నేను ఫోను దూరంగా పెట్టుకుంటా." నిజంగానే ఫోను దూరంగా, పీట మీద, నా పక్కన పెట్టింది. ఆమోసు అరుపంతా నేనే విన్నాను.

మూడు నెలలు ఎలా గడిచాయో చెప్పాలంటే ఇంకో కథవుతుంది. ఎనిమిదిమందికే ఆకు వచ్చింది. తొమ్మిదో మనిషిగా సువార్త పేరు రాసుకున్నారు. పదో పేరు నర్సమ్మది. వణికే చేతులతో ఆ డెబ్భై రెండేళ్ళ ముసలావిడ మళ్ళీ కొత్తగా ఆకు నేర్చుకున్నట్టు నటించింది. శేషారత్నం గారు పేర్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఏమీ అనకుండా సంతకం పెట్టింది.

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. నర్సమ్మ పోయింది. నా కవల, కొత్తగా చేరిన ఎవరో పిల్ల చేతిలో వేరే జతతో కలిసి పనిచేస్తోందట. ఎలా సర్దుకుందో తెలియదు. వంగిన సూది మీద కళ్ళు జారవు కాబట్టి నన్ను అల్లికలోంచి తీసేశారు. ఇప్పుడు దయామణి ఇంట్లో నాకు మిగిలిన ఉద్యోగం లంగాలకు బొందు ఎక్కించడం. టోపీకి బొందు చివర కట్టి, లంగా నడుం మడతలోకి, అంటే నేఫాలోకి, మొన ముందుగా నన్ను దూర్చి, బయట నుంచి వేళ్ళతో తడుముతూ ముందుకు తోస్తారు. చీకట్లో, ముడతల మధ్య పాక్కుంటూ పోవాలి. శాలువాలు అల్లినదాన్ని ఇలా అయిపోయానని మొదట్లో బాధపడ్డాను. ఇప్పుడు పడటం లేదు. దారిలో వంపు వస్తే తిన్నని సూది గుడ్డకు గుచ్చుకుంటుంది, నేను గుచ్చుకోను.

ఈ పొద్దున్న కెజియా కాలేజీకి తయారవుతోంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఎప్పుడూ ఆఖరి నిమిషమే. హడావిడిగా నన్ను దూర్చి తోసింది. సగం దూరం వెళ్ళి ముడతలో ఇరుక్కుపోయాను. ముందుకూ పోను, వెనక్కూ రాను. వెనక వసారాలోంచి అల్లిక నేర్చుకునే పదిహేనుమంది ఆడవాళ్ళ నవ్వులూ కబుర్లూ వినిపిస్తున్నాయి.

"అమ్మా! ఎక్కడున్నావే? బొందు ఇరుక్కుపోయింది, నాకు బస్సెళ్ళిపోద్ది!"

"ఇక్కడే ఉన్నానే, అరవకు," అంది దయామణి, వసారాలోంచి.